అమెరికా ఫోన్‌లో మన సిమ్ పనిచేయాలంటే ఏం చేయాలి

బెంగళూరులో ఉంటున్న మనవాళ్లలో అమెరికా ఫోన్ చేతికి రానివాళ్లు తక్కువ. అన్నయ్య డాలస్‌లోనో, వదినగారి తమ్ముడు న్యూజెర్సీలోనో ఉంటాడు. కొత్త మోడల్ కొనగానే పాతదాన్ని ఎవరో ఒకరి సూట్‌కేసులో పెట్టి మారతహళ్లికో వైట్‌ఫీల్డ్‌కో పంపిస్తాడు. ఫోన్ చూడ్డానికి తళతళలాడుతూ ఉంటుంది. మన సిమ్ వేస్తే మాత్రం 'సిమ్ నాట్ సపోర్టెడ్' అంటుంది. రూమ్మేట్ వెంటనే 'ఎస్పీ రోడ్డు షాపులకి తీసుకెళ్లు, ఐదు నిమిషాల పని' అని సలహా పడేస్తాడు.

మెజెస్టిక్ బస్సెక్కే ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మన సిమ్ పట్టకపోవడానికి కారణం సాధారణంగా నెట్‌వర్క్ తాళం, అంటే ఫోన్ అమ్మిన అమెరికా నెట్‌వర్క్ కంపెనీ తన సిమ్ తప్ప వేరేది పనిచేయకుండా పెట్టిన కట్టడి. ఈ తాళాన్ని సరిగ్గా తీయగలిగేది దాన్ని వేసిన కంపెనీయే. షరతులు తీరితే పైసా తీసుకోకుండా తీస్తుంది. కాబట్టి మీరు చేయాల్సిన మొదటి ఫోన్ కాల్ అమెరికాకి.

ఇండియాలో షాపులో బిల్లుతో కొన్న మామూలు స్మార్ట్‌ఫోన్లకు నెట్‌వర్క్ తాళం దాదాపుగా ఉండదు. ఇక్కడ మనం ఫోన్ ఒకచోట, సిమ్ మరోచోట కొంటాం. అమెరికాలో నెట్‌వర్క్ కంపెనీయే ఫోన్‌ని వాయిదాల మీద ఇస్తుంది. ఏటీ అండ్ టీ, వెరైజాన్‌లలో సాధారణంగా 36 నెలలు, టీ-మొబైల్‌లో 24 నెలలు. ఆ వాయిదాలు తీరేదాకా కస్టమర్ పక్క కంపెనీకి పోకుండా తాళం. 'ఆఫర్‌లో ఫ్రీగా వచ్చింది' అని అన్నయ్య చెప్పాడంటే కాస్త అనుమానించండి. ఆ ఫ్రీ అనేది నెలనెలా బిల్లులో కొంత కొంత తగ్గిస్తూ రెండు మూడేళ్లపాటు ఇచ్చే ఫ్రీ. మధ్యలోనే ఫోన్ మీకు పంపించేశాడంటే, కాగితం మీద దాని అప్పు ఇంకా తీరనట్టే.

లండన్ నుంచో టొరంటో నుంచో వచ్చిన ఫోన్ అయితే ఇంత గొడవ ఉండకపోవచ్చు. కెనడాలో 2017 డిసెంబరు నుంచి, బ్రిటన్‌లో 2021 డిసెంబరు నుంచి తాళం వేసిన ఫోన్లు అమ్మకూడదన్న నిబంధన ఉంది. జపాన్ కూడా 2021 అక్టోబరు నుంచి కొత్తగా అమ్మేవాటికి తాళం వద్దంది. అంతకంటే పాత ఫోన్ అయితే మాత్రం చూసుకోవాలి.

అసలు తాళం ఉందా, ఉంటే అది ఏ తాళం?

ఐఫోన్‌లో ఇది అర నిమిషం పని. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి కిందికి జరపండి. 'క్యారియర్ లాక్' అనే వరుస దగ్గర 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉంటే ఫోన్‌కి నెట్‌వర్క్ తాళం లేదు. అప్పుడు తేడా ఎక్కడుందో మీ సిమ్‌లోనే వెతకాలి. 'సిమ్ లాక్డ్' అని ఉంటే తాళం ఉన్నట్టు. ఫోన్ ఇంకా అన్నయ్య చేతిలోనే ఉంటే ఆ స్క్రీన్ ఫొటో తీసి పంపమనండి.

ఆండ్రాయిడ్‌లో ఇంత స్పష్టంగా చెప్పే చోటు అన్ని ఫోన్లలో ఉండదు. పక్కవాళ్ల సిమ్ అడిగి వేసి చూడటమే సులువు. 'నెట్‌వర్క్ అన్‌లాక్ పిన్' అడిగిందంటే తాళం ఉన్నట్టే. అక్కడ మాత్రం తోచిన అంకెలు కొట్టకండి. తప్పు కోడ్‌కి లెక్క ఉంటుంది. ఆ లెక్క దాటితే కొన్ని ఫోన్లు ఇక ఏ కోడ్ ఇచ్చినా తీసుకోవు. టీ-మొబైల్ అమ్మిన శామ్‌సంగ్ అయితే సెట్టింగ్స్, కనెక్షన్స్, మోర్ కనెక్షన్ సెట్టింగ్స్ లోపల 'నెట్‌వర్క్ అన్‌లాక్' అని ఉంటుంది. అది కనిపిస్తే మీ పని సగం అయినట్టే.

జనం ఎక్కువగా తికమక పడేది తాళాల రకాల దగ్గర. అన్నిటినీ కలిపి 'లాక్ అయింది' అనేస్తారు. షాపువాడికీ అదే కావాలి. నెట్‌వర్క్ తాళం ఉన్నా వైఫై మీద వాట్సాప్, యూట్యూబ్ అన్నీ నడుస్తాయి, మన సిమ్ ఒక్కటే పట్టదు. ఫోన్ మొదలుపెట్టగానే వేరేవాళ్ల ఆపిల్ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంటే అది యాక్టివేషన్ లాక్. దానికీ సిమ్‌కీ సంబంధం లేదు. ఆ ఖాతా ఎవరిదో వాళ్లే తీయాలి. అమెరికాలో కూర్చుని కూడా ఐక్లౌడ్‌లోకి వెళ్లి ఆ ఫోన్‌ని తన జాబితాలోంచి తొలగించవచ్చు. ఆండ్రాయిడ్‌లో రీసెట్ చేశాక పాత గూగుల్ ఖాతా అడగడమూ ఇలాంటిదే.

మన బెంగళూరుకి ప్రత్యేకమైన తాళం ఇంకొకటి ఉంది, ఆఫీసు తాళం. ఫోన్ మొదలవుతుండగానే 'ఈ పరికరం ఫలానా సంస్థ నిర్వహణలో ఉంది' అన్న మాట కనిపిస్తే అది కంపెనీ ఇచ్చిన ఫోన్. ఉద్యోగం మానేసినవాళ్లు తిరిగి ఇవ్వకుండా అమ్మేసినవీ బయట తిరుగుతుంటాయి. అలాంటిది ఎంత చవగ్గా వచ్చినా వద్దు. ఇక ఈఎంఐ కట్టలేదని ఫైనాన్స్ కంపెనీ యాప్ స్క్రీన్‌ని బిగించేస్తే, అది బాకీ తీర్చి ఆ కంపెనీ చేతే తీయించుకోవాలి. చివరి వాయిదా కట్టిన రోజే బాకీ లేదన్న కాగితం కూడా అడిగి తీసుకోండి.

అమెరికాకి ఏమని చెప్పాలి

ముందు మీ దగ్గరున్న ఫోన్‌లో *#06# నొక్కండి. 15 అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య, వస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు నంబర్లు వస్తాయి, రెండూ రాసుకోండి. ఇక వాట్సాప్‌లో ఇలా పంపితే సరిపోతుంది:

'అన్నయ్యా, ఫోన్‌కి నెట్‌వర్క్ లాక్ ఉంది. ఐఎంఈఐ నంబరు కింద పెట్టాను. ఏ నెట్‌వర్క్‌లో కొన్నావు, వాయిదాలు ఇంకా ఏమైనా ఉన్నాయా ఒకసారి చూస్తావా? అంతా కట్టేసి ఉంటే నీ అకౌంట్‌లోంచి డివైస్ అన్‌లాక్ రిక్వెస్ట్ పెట్టు. బాకీ ఉంటే ఎంతో చెప్పు, అది ఎలా తీర్చాలో మాట్లాడుకుందాం.'

చివరి వాక్యం మొహమాటపడి వదిలేయకండి. ఊరికే ఇచ్చిన ఫోన్‌కి బాకీ సంగతి అడగడం చాలామందికి ఇబ్బందిగానే ఉంటుంది. కానీ అది తేలకుండా సాధారణంగా నెట్‌వర్క్ తాళం తీయదు. ఇంకొకటి, బాకీ ఒకేసారి కట్టేస్తే చాలా ఆఫర్లలో ఆ నెలనెలా తగ్గింపు అక్కడితో ఆగిపోతుంది. అప్పుడు 'ఫ్రీ' ఫోన్‌కి నిజంగానే డబ్బు కట్టినట్టవుతుంది. ఆ లెక్క అన్నయ్య వేసుకోవాలి. ఒక్కోసారి మిగిలిన నెలలు ఆగడమే లాభం. అందాకా ఆ ఫోన్ ఇంట్లో వైఫై మీద పిల్లల చదువుకి పనికొస్తుంది.

కంపెనీల షరతులు ఇలా ఉంటాయి. ఏటీ అండ్ టీలో నెలవారీ బిల్లు కనెక్షన్ అయితే ఫోన్ డబ్బు పూర్తిగా కట్టి ఉండాలి, వాళ్ల నెట్‌వర్క్ మీద కనీసం 60 రోజులు నడిచి ఉండాలి, పోయిందని గానీ దొంగతనం అని గానీ ఫిర్యాదు ఉండకూడదు. ప్రీపెయిడ్ అయితే ఆరు నెలల వాడకం చూపించాలి. వాళ్ల వెబ్‌సైటులో డివైస్ అన్‌లాక్ పేజీ ఉంది, అక్కడ ఐఎంఈఐ ఇచ్చి రిక్వెస్ట్ పెట్టాలి. పెట్టగానే ఒక ఈమెయిల్ వస్తుంది. అందులోని లింకుని 24 గంటల్లోపు నొక్కకపోతే రిక్వెస్ట్ రద్దయిపోతుంది. అన్నయ్య మెయిల్ చూడకుండా నిద్రపోయాడంటే మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి ఆ సంగతి ముందే చెప్పండి. జవాబు సాధారణంగా రెండు పనిదినాల్లో వస్తుంది.

టీ-మొబైల్‌లో బిల్లు కనెక్షన్‌కి 40 రోజుల వాడకం, పూర్తి చెల్లింపు కావాలి. ప్రీపెయిడ్‌కి ఏడాది. ఆండ్రాయిడ్‌లో నేను పైన చెప్పిన సెట్టింగ్స్ లోపలే 'పర్మనెంట్ అన్‌లాక్' నొక్కవచ్చు, ఇంటర్నెట్ ఉంటే చాలు. పక్కనే తాత్కాలిక అన్‌లాక్ అని కూడా కనిపిస్తుంది. అది ప్రయాణికుల కోసం, 30 రోజులకు మళ్లీ బిగుసుకుంటుంది. పొరపాటున దాన్ని నొక్కి పండగ చేసుకోకండి. ఇక వెరైజాన్ ఫోన్లు 60 రోజులకు వాటంతటవే తెరుచుకుంటాయని చాలామంది చెబుతారు. చాలాకాలం అలాగే జరిగింది. ఈమధ్య కొన్న ఫోన్ మీద మాత్రం ఆ ధీమా పెట్టుకోకుండా, కొన్ననాటి షరతులేమిటో అన్నయ్యని ఖాతాలో చూడమనండి.

కంపెనీ ఏదైనా, మాట్లాడాల్సింది ఖాతాదారే. మీరు ఇక్కణ్ణుంచి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఎంత బతిమాలినా ఖాతా పిన్ అడుగుతారు, ఆయన నంబరుకి ఓటీపీ పంపుతారు. అన్నయ్య సెలవులకు ఇండియా వచ్చి ఉంటే, ఆ అమెరికా సిమ్ తీసి పక్కన పెట్టకుండా రోమింగ్‌లోనైనా బతికి ఉంచమనండి. అన్నిటికన్నా మంచిది ఈ పనంతా విమానం ఎక్కకముందే చేయించడం. 'వచ్చేటప్పుడు ఏమేం తెమ్మంటావు' అని ఆయన అడిగే రోజే మీరు ఫోన్ సంగతి అడగండి.

కంపెనీ 'అన్‌లాక్ చేశాం' అని మెయిల్ పెట్టినా ఫోన్‌లో వెంటనే తెలియకపోవచ్చు. ఐఫోన్ విషయంలో ఆ మార్పు జరిగేది ఆపిల్ సర్వర్లో. వైఫై పెట్టి మన సిమ్ వేస్తే చాలాసార్లు అదే తెలుసుకుంటుంది. అప్పటికీ కదలకపోతే మొత్తం బ్యాకప్ తీసుకుని, ఫోన్‌ని చెరిపి, మళ్లీ మొదలుపెట్టాలి. బ్యాకప్ లేకుండా చెరపకండి. ఇలా తీసిన తాళం మళ్లీ పడదు. అప్‌డేట్ చేసినా, రీసెట్ చేసినా అలాగే ఉంటుంది.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదైతే

అమెరికాలో మనవాళ్లెవరూ లేరు, ఫోన్ మాత్రం అమెరికాది, ఏదో యాప్‌లోనో నేషనల్ మార్కెట్‌లోనో కొన్నారు. ఇది కష్టమైన కేసు. అసలు ఖాతాదారు ఎవరో తెలియదు, బాకీ ఉందో లేదో తెలియదు. ఏటీ అండ్ టీ పేజీలో 'నేను మీ కస్టమర్‌ని కాను' అని చెప్పి కూడా రిక్వెస్ట్ పెట్టే వీలుంది, ప్రయత్నించవచ్చు. ఫోన్ డబ్బు అంతా తీరిపోయి ఉంటే పని జరుగుతుంది. బాకీ ఉంటే తిప్పి పంపుతారు, అంతే.

కొనకముందే అయితే మీ చేతిలో రెండు పనులున్నాయి. మీ సిమ్ తీసుకెళ్లి అక్కడే వేసి, ఒక కాల్ చేసి చూడటం మొదటిది. రెండోది, ఇంగ్లీషులో కేవైఎం అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, ఐఎంఈఐ కొట్టి 14422కి ఎస్సెమ్మెస్ పంపడం. కేంద్ర టెలికం శాఖ సంచార్ సాథీ కింద నడిపే సేవ ఇది. ఆ నంబరు ఏ మోడల్‌దో, బ్లాక్ అయిందో లేదో చెబుతుంది. చేతిలో ఉన్నది ఒక మోడల్, మెసేజ్‌లో వచ్చింది ఇంకోటి అయితే డబ్బు జేబులోనే ఉంచుకుని ఇంటికి వచ్చేయండి.

షాపులో ఏం చేస్తారు

ఎస్పీ రోడ్డులో తెలుగు మాట్లాడే కుర్రాళ్లు చాలామందే ఉంటారు. 'అన్నా, చిప్ వేసేస్తా, ఏ సిమ్ అయినా పడుతుంది' అంటారు. ఆ చిప్ అంటే సిమ్ కింద అతికించే పల్చటి పొర. అది ఫోన్‌ని నమ్మిస్తుంది, నీలో ఉన్నది నీ అసలు కంపెనీ సిమ్మేనని. ఆ రోజుకి నెట్‌వర్క్ గీతలు వస్తాయి. తర్వాత ఫోన్‌కి అప్‌డేట్ వచ్చినప్పుడో, రీసెట్ చేసినప్పుడో పోతాయి. 'అప్‌డేట్ చేయొద్దు' అని షాపువాడు ముందే చెప్పాడంటే అది చిప్ పనేనని అర్థం చేసుకోండి. బ్యాంకు యాప్‌లు ఉన్న ఫోన్‌కి అప్‌డేట్‌లు ఆపుకోవడం నాకైతే అస్సలు నచ్చని బేరం. పైగా ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) మాత్రమే ఉన్న ఫోన్‌లో ఆ పొర పెట్టడానికి చోటే లేదు.

కొందరు డబ్బు తీసుకుని ఆన్‌లైన్‌లో 'ఫ్యాక్టరీ అన్‌లాక్' చేయిస్తామంటారు. చివరికి ఆ రిక్వెస్ట్ కూడా ఏదో దారిలో అదే కంపెనీకి వెళ్లాలి. నిజంగా అవుతుందంటే పని పూర్తయ్యాక క్యారియర్ లాక్ వరుస చూసి డబ్బిస్తానని చెప్పండి. ఎంతమంది ఒప్పుకుంటారో చూడండి.

'ఐఎంఈఐ మార్చేస్తే పోతుంది' అన్న మాట వినిపిస్తే ఇక అక్కడ నిలబడకండి. టెలికమ్యూనికేషన్స్ చట్టం, 2023 ప్రకారం అది మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా పడగల నేరం. మార్చినవాడికే కాదు, మార్చిన ఫోన్ అని తెలిసి దగ్గర పెట్టుకున్నవాడికీ ఆ శిక్షే వర్తిస్తుంది.

తాళం పోయింది, ఇక సిమ్

అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14కీ ఆ తర్వాత వచ్చినవాటికీ సిమ్ పెట్టే ట్రే ఉండదు. సిమ్ పిన్ పట్టుకుని అంచులన్నీ గీకకండి. అందులో ఈ-సిమ్ ఒక్కటే పనిచేస్తుంది. జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఈ-సిమ్ ఇస్తాయి. వాళ్ల యాప్‌లోంచి గానీ, ఎస్సెమ్మెస్‌తో గానీ, స్టోర్‌కి వెళ్లి గానీ మార్చుకోవచ్చు. ఐఎంఈఐతో పాటు ఈఐడీ అనే 32 అంకెల ఈ-సిమ్ గుర్తింపు సంఖ్య కూడా అడగవచ్చు. అదీ అబౌట్ పేజీలోనే ఉంటుంది, నొక్కి పట్టుకుంటే కాపీ అవుతుంది.

మార్చుకునే ముందు మూడు సంగతులు చూసుకోండి. మీ నంబరుకి జతచేసిన ఈమెయిల్ ఇప్పటికీ మీరు తెరవగలిగేదేనా? కాలేజీ రోజుల్లో ఇచ్చిన మెయిల్ పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు బోలెడుమంది. సిమ్ ఎవరి పేరు మీద ఉంది? మనలో చాలామంది సిమ్ ఇప్పటికీ ఊళ్లో నాన్నగారి పేరు మీదే ఉంటుంది. పాత సిమ్ మీ దగ్గరే పనిచేస్తుంటే యాప్‌లోనో ఎస్సెమ్మెస్‌తోనో ప్రయత్నించండి. స్టోర్‌కి వెళితే ఎవరి పేరు మీద ఉందో వాళ్లనే తీసుకురమ్మంటారు, నెల్లూరు నుంచి నాన్నగారిని బస్సెక్కించాలి. మూడోది అందరూ మర్చిపోయేది. సిమ్ మార్చాక మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. మోసాలు ఆపడానికి పెట్టిన నిబంధన అది. అంటే బ్యాంకు ఓటీపీ రాదు. అద్దె పంపాల్సిన రోజు, సంక్రాంతికి రైలు టికెట్ తీసే రోజు ఈ పని పెట్టుకోకండి. శనివారం ఉదయం మంచిది.

సిగ్నల్ వచ్చాక ఒక కాల్ చేసి, ఒక కాల్ రప్పించుకుని చూడండి. ఇంటర్నెట్ వస్తూ కాల్ మాత్రం పోకపోతే అది తాళం సమస్య కాదు. జియోకి 2జీ, 3జీ లేవు. దాని మీద మాట వెళ్లాలంటే ఫోన్‌లో వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ నడిచే ఏర్పాటు, పనిచేయాలి. అమెరికా నెట్‌వర్క్‌ల కోసం తయారైన కొన్ని పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో మన కంపెనీల వోల్టీ ఉండదు. అలాంటి ఫోన్‌లో ఎయిర్‌టెల్ గానీ వీఐ గానీ వేస్తే కాల్ 2జీ మీద వెళుతుంది. ఐఫోన్లకు ఈ బెడద లేదు.

అందుకోసం కంపెనీ మారాలనుకుంటే ముందు పోర్ట్ (అదే నంబరుతో కంపెనీ మారడం), తర్వాత ఈ-సిమ్, ఈ వరసలో చేయండి. కొత్త కంపెనీ దగ్గరే నేరుగా ఈ-సిమ్ అడగవచ్చు. 2024 జులై 1 నుంచి వచ్చిన నిబంధన వల్ల, సిమ్ మార్పిడి జరిగిన 7 రోజుల్లోపు పోర్ట్ కోడ్ ఇవ్వరు. ఇంగ్లీషులో పోర్ట్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ పదంకెల నంబరు కొట్టి 1900కి పంపితే కోడ్ వస్తుంది. నాలుగు రోజులు చెల్లుతుంది. ప్రస్తుత కంపెనీలో కనీసం 90 రోజులు ఉండి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు బాకీ ఉండకూడదు. ఊరి నంబరుని ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే ఉంచి కంపెనీ మార్చుకోవచ్చు, కర్ణాటక సర్కిల్‌కి తెచ్చుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలదీ టెలికం లెక్కలో ఒకటే సర్కిల్. దేశంలో రోమింగ్ ఖర్చు లేదు కాబట్టి సర్కిల్ మార్చుకుని తీరాల్సిన పనేమీ లేదు.

ఊళ్లో అమ్మానాన్నల దగ్గరున్న జియోఫోన్‌ని కూడా ఇలాగే తెరవొచ్చా అని కొందరు అడుగుతుంటారు. 2017లో వచ్చిన ఆ కీప్యాడ్ ఫోన్ జియో సిమ్‌కే కట్టుబడి ఉంటుంది, దానికి కంపెనీ ఇచ్చే అన్‌లాక్ దారి లేదు. దాన్ని తెరిపించడానికి షాపుల చుట్టూ తిరిగే బదులు, ఏ సిమ్ అయినా పట్టే మామూలు 4జీ కీప్యాడ్ ఫోన్ ఒకటి కొనివ్వండి.